చేబదులు

ఫ్రిజ్ మీద క్యాలెండరుకి
జూన్ మధ్యలోనే జ్వరం పట్టుకుంటుంది.
బడి సెలవులు ముప్పై మూడు పనిదినాలు.
నా సెలవులు పది. ఫర్గస్‌వి ఎనిమిది,
అవీ నడిసముద్రంలో గాలిమరల దగ్గర్నుంచి
వాతావరణం ఒప్పుకుని పడవ కదిలితేనే.
కలిపితే పద్దెనిమిది,
వేసవంతా మేమిద్దరం
ఒకరి మొహం ఒకరం చూసుకోకపోతే.
మిగతా పదిహేను గళ్ళూ
పళ్ళూడిన నోరు తెరిచి నన్నే చూస్తుంటాయి.

ఈత శిబిరం ఉందన్నారు.
తొమ్మిదిన్నరకి తలుపు తీసి
మూడింటికి మూసేస్తారట.
తొమ్మిదిన్నరకి మొదలై మూడింటికి ముగిసే ఉద్యోగం
ఈ డండీ ఊళ్ళో ఎవరికుందో,
వాళ్ళ పిల్లల కోసమే కాబోలు.
నా మొదటి బస్సు డిపో దాటేది ఐదూ నలభైకి.

అత్తగారికి మోకాలు కొత్తది.
"మంగళవారాలు నాకిచ్చెయ్" అంది.
మెట్లు దిగలేని మనిషి,
పిల్ల వీధిలోకి పరిగెడితే?
సగం మంగళవారం తీసుకున్నాను.

ఇక బోజెనా.
మూడో అంతస్తు. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ.
ఇద్దరు కవలలు, ఒక పిల్లి, గ్దీనియాలో అమ్మ.
పంచదార కోసం వచ్చినదానిలా
గుమ్మం దాటకుండానే అడిగాను.
నీ గురువారం నాకు, నా సోమవారం నీకు.
కాగితం లేదు, వడ్డీ లేదు.
చేబదులు.
గిన్నెడు తెచ్చుకుంటే గిన్నెడు ఇవ్వాలి,
తలకొట్టి కాదు, గోపురంగా.

ఆమె రాత్రంతా మేలుకుని
సోమవారం పగలు నా పిల్లతో మళ్ళీ మేలుకుంటుంది.
నాకు తెలుసు. అడగను.
అడిగితే "పడుకుంటాలే" అంటుంది,
నేను నమ్మినట్టు నటించాలి,
అంత తీరిక ఇద్దరికీ లేదు.

జూలై రెండో వారంలో
ఎయిల్సా పళ్ళు తోముకుంటూ
నురగ నోటితో అడిగింది:
"ఈవేళ నేనెవరి వంతు?"
"బోజెనా" అన్నాను.
"అయితే బంగాళదుంప అట్లు" అని ఉమ్మేసింది.
నేను బూటు లేసు రెండుసార్లు కట్టుకున్నాను.

ఆ రోజు ఆసుపత్రి స్టాపులో ఒకతను ఎక్కాడు,
ఒక భుజాన లాప్‌టాప్ సంచీ,
ఇంకో భుజాన నిద్రపోతున్న పిల్లాడు.
చిల్లర కోసం జేబు తడుముకుంటుంటే
చెయ్యి ఊపి లోపలికి పంపేశాను.
రూలు ఒప్పుకోదు.
ఆగస్టు దాకా ఆ రూలు నాకు గుర్తుండదు.

ఆపైన ఆ బుధవారం.
ఫర్గస్ మెసేజ్: గాలి తగ్గలేదు, రేపూ కష్టమే.
గాలితో కరెంటు తీసేవాళ్ళని
గాలే ఆపేసింది.
డిపోలో, ముందురోజు అడిగితే
అది సెలవు కాదు, నేరం.
ఏడుగురికి ఫోన్ చేశాను,
ప్రతిసారీ ముందుగా వాళ్ళ కుక్క ఎలా ఉందో అడిగి.
చివరికి అత్తగారే
మంచం పక్కన కుర్చీ వేయించి
పిల్లకి పేకాట నేర్పింది.
ఆ నెలంతా మా ఇంట్లో
పిల్ల తప్ప ఎవరూ గెలవలేదు.

ఆగస్టు మధ్యలో బడి తెరిచారు.
గేటు దగ్గర వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.
ఆ బుధవారం ఇవ్వని సెలవు
మురిగిపోతుందని డిపో వాళ్ళు
సరిగ్గా ఆ రోజుకే రాశారు.
ఇంట్లో నేను, గడియారం, ఒక మేజోడు.

పదకొండింటికి తలుపు చప్పుడు.
బోజెనా, డ్యూటీ బట్టల్లోనే.
"నీకింకో రోజు బాకీ. తీర్చుకుందామని."
"పిల్ల బడిలో ఉందిగా."
"తెలుసు. నావాళ్ళూ అక్కడే."
టీ పెట్టాను. సోఫాకి చెరో చివరా కూర్చున్నాం,
ఎవరినీ పట్టుకోనక్కర్లేని చేతుల్ని
ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.
ఏదో మొదలుపెట్టింది, వాళ్ళమ్మ గురించనుకుంటా,
మాట సగంలో తల వాలిపోయింది.

దుప్పటి తెచ్చి కప్పాను.
రెండున్నరకి అలారం పెట్టి
రెండో కొస కింద నేనూ దూరాను.
అక్టోబరులో సెలవులు రెండు వారాలు.
ఆ లెక్క లేచాక.